అప్పగింతల్లో మోగిన చావు డప్పు

మా పనిలో రిటైర్మెంట్ అనే మాట లేదు. ఫోన్ మోగడం ఆగిపోయిందంటే మనం రిటైరయినట్టే లెక్క. నాది మాత్రం ఫోన్ మోగుతుండగానే మానేసిన బాపతు. ఇప్పుడు జనగామలో మైకులు, సౌండు బాక్సులు కిరాయికిచ్చే షాపు పెట్టుకుని కూర్చున్నాను. సొంత పాటలు చేసుకునే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, అన్నా నువ్వు మస్తు పాటలు చేసినవట గదా, ఎందుకు బంద్ చేసినవ్ అని అడుగుతారు. గొంతు పోయిందని చెప్పి పంపించేస్తాను. నేను వాయించింది కీబోర్డు అన్న సంగతి వాళ్లకు గుర్తుండదు.

ఎన్నాళ్లని అట్లా చెప్పను? అడిగిన ప్రతివాడికీ గొంతు పోయిన కథ చెప్పలేక, ఉన్నదున్నట్టు రాసి పెడుతున్నాను. చదివి నవ్వుకున్నా సరే, తిట్టుకున్నా సరే. తిట్టుకుంటేనే నాకు కొంచెం నిమ్మళం.

ఆ రోజుల్లో నాకు రెండు బతుకులు. ఒకటి జనగామలో, పిండి గిర్ని పైన అద్దెకు తీసుకున్న గదిలో. లాప్‌టాప్, చిన్న కీబోర్డు, గోడలకు చప్పుడు ఆపే గుడ్డు అట్టలు. కింద గిర్ని తిరుగుతుంటే పైన మైకు పెట్టడానికి లేదు. కరెంటు పోతే ఊరంతా తిట్టుకునేది, నేనొక్కణ్నే సంబరపడేవాణ్ని. గిర్ని ఆగగానే బాటరీ మీద గబగబా రికార్డింగ్ చేసుకునేవాణ్ని. అట్లా చేసిన పాటలు నా పేరు మీద ఇంటర్నెట్‌లో పెట్టేవాణ్ని. మా మేనబావలు, వాళ్ల దోస్తులు వినేవాళ్లు. అడిగినవాళ్లకు "నేను ఇండిపెండెంట్ ఆర్టిస్టుని" అని చెప్పుకునేవాణ్ని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అచ్చం అదే.

రెండో బతుకు మహబూబాబాద్‌లో. ఆ ఊరిని మేము మానుకోట అంటాం. అక్కడ ఒక పెండ్లి మేళం ఉండేది. క్లారినెట్ వాయించే మాస్టర్ దానికి పెద్ద. పెద్దవంగర నుంచి వచ్చే ఒక అక్క పాడేది. తక్కిన వాద్యాలవాళ్లు ముహూర్తాలను బట్టి కుదిరేవాళ్లు. నేను కీబోర్డు. పొట్ట నింపింది ఈ మేళమే, నా పాటలు కావు. కానీ సిగ్గంతా మేళం గురించే పడేవాణ్ని. మేళానికి ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు జరీ ఉండేవి. అందరూ ఇంటి దగ్గరే తొడుక్కుని వచ్చేవాళ్లు. నేను మాత్రం సంచిలో పెట్టుకుని పోయి, పెండ్లి దగ్గర తొడుక్కుని, బాసింగాలు విప్పకముందే విప్పేసేవాణ్ని. ఒకసారి నా ఫోటో చూసి పట్నం దోస్తు ఒకడు ఇదేంది బ్రో అంటే, ఏదో సరదాకు వేసుకున్నానని చెప్పాను. ఆ సరదాతోనే నా గది అద్దె కట్టుకుంటున్నానని చెప్పలేదు.

మేళంలో చేరిన కొత్తలో మాస్టర్ నాకు రాగాలు నేర్పలేదు, తాళాలు నేర్పలేదు. ఒకటే చెప్పాడు. అప్పగింతల పాటకు చివర ఉండదు, పెండ్లిపిల్ల కారెక్కి డోరు పడేదాకా ఆపకూడదు అని. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. చేసి చూస్తే తెలుస్తుంది. పాల పళ్లెంలో పిల్ల చేతులు ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. మేనత్త వచ్చి పట్టుకుంటుంది. ఆమెను విడిపిస్తే చిన్నమ్మ. తండ్రి ఏ గోడ చాటుకో పోతాడు, ఆయన్ని వెతికి తేవాలి. ఇవన్నీ అయ్యేదాకా కీబోర్డు వాడు వాళ్ల ముఖాలు చూస్తూ, అదే చరణం చుట్టూ తిరుగుతూ, ఏడుపు పెరిగితే తగ్గిస్తూ, తగ్గితే పెంచుతూ ఉండాలి. ఆ పని నాకు బాగానే వచ్చేది. బాగా వచ్చిన పని మీద మనకెప్పుడూ చిన్నచూపే కదా.

ఒక పెండ్లి చేసుకుని బండి మీద కేసముద్రం మీదుగా తిరిగి వస్తున్నాను. రైల్వే గేటు పడింది. గేటుకు అవతల ఒక శవయాత్ర ఆగి ఉంది. డప్పులు మోగుతున్నాయి. మా దగ్గర పెండ్లికి కొట్టే దరువు వేరు, చావుకు కొట్టే దరువు వేరు. రైలు పోయేదాకా వాళ్లు అక్కడే నిలబడి చావు దరువు వేస్తూనే ఉన్నారు. నా సంచిలో రికార్డర్ ఉంది. తీసి ఆన్ చేశాను. రైలు పోయాక ఒక్క క్షణం డప్పులు తగ్గాయి. ఆ సందులో ఒక ఆడమనిషి ఏడుపు పైకి లేచింది. నా ఒళ్లు జలదరించింది. నిజం చెప్తున్నాను, నాకు దుఃఖం రాలేదు. దొరికింది రా అనుకున్నాను.

గదికి పోయి ఆ దరువు మీద పాట కట్టాను. మొదట డప్పు ఒక్కటే మోగుతుంది. తర్వాత ఆ ఏడుపు వస్తుంది. దాన్ని కోసి, శుభ్రం చేసి, మళ్లీ మళ్లీ వచ్చేట్టు తిప్పాను. పాటకు పల్లవి అంటూ లేదు, ఆ ఏడుపే పల్లవి. పట్నం దోస్తులు విని వాహ్ అన్నారు. మట్టి వాసన వస్తోంది అన్నాడొకడు. వాడు మట్టి ముట్టుకుని ఎన్నేళ్లయిందో దేవుడికెరుక.

ఆ పాటతోనే నాకు మొదటి ప్రోగ్రామ్ దొరికింది. హైదరాబాద్‌లో ఒక కాఫీ హోటల్ మేడ మీద, సొంత పాటలు చేసుకునేవాళ్లంతా కలిసి వాయించే సాయంత్రం. తీరా చూస్తే ఆ రోజు మంచి ముహూర్తం. మేళం ఒక పెండ్లికి ఒప్పుకుని ఉంది. పిల్లది నెల్లికుదురు, వ్యవసాయం బాగా ఉన్న ఇల్లు. పిల్లవాడు భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఉద్యోగం. మానుకోట బయట ఫంక్షన్ హాల్లో పెండ్లి.

మాస్టర్‌ని అడగడానికి భయపడ్డాను. ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నీ పాట నువ్వు వాయించుకోకపోతే ఎవలు వాయిస్తరు, పో అన్నాడు. ఇంకో కీబోర్డు మనిషిని మాట్లాడదామంటే ముహూర్తం రోజున ఎక్కడ దొరుకుతాడు? నేనే ఒక తెలివి చేశాను. నా కీబోర్డు భాగాలన్నీ గదిలో కూర్చుని వాయించి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాను. సౌండు మిక్సర్‌కు పెట్టి మీట నొక్కితే చాలు, మీద క్లారినెట్, పాట మామూలుగా సాగిపోతాయని చూపించాను. అప్పగింతల పాటను మామూలుగా పట్టేదానికి రెట్టింపు పొడుగు వాయించాను. చాలనుకున్నాను. చివర ఉండకూడని పాటకు చివర పెట్టానని నాకు తట్టలేదు.

రెండో తప్పు ఇంకా ఘోరం. ఆ పెన్‌డ్రైవ్ నేను నా సొంత పాటల కోసం వాడేది. అందులో నా కొత్త పాట ఉండిపోయింది. తీసేద్దామని గుర్తే ఉంది. బస్సు టైమవుతోందని, తర్వాత చూద్దామని, ఏమవుతుందిలే అని వదిలేశాను. ఆ మిక్సర్ ఒక పాట అయిపోతే తనంతట తాను తర్వాతి పాటకు పోతుందని నాకు తెలుసు. తెలిసీ వదిలేశాను.

పెండ్లిలో ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాత అక్క చెప్పింది, ఆ తర్వాత ఊరంతా ఫోన్లలో చూసిందే నేనూ చూశాను. పెండ్లి చక్కగా జరిగింది. అప్పగింతలు మొదలయ్యాయి. పెండ్లిపిల్లను పెంచింది నాయనమ్మట. ఆమె మనుమరాలి నడుము చుట్టూ చేతులేసి వదలలేదు. బతిమాలారు, కోప్పడ్డారు, వదలలేదు. ఈలోగా నా రెట్టింపు పొడుగు పాట అయిపోవచ్చింది. చివరికి నాయనమ్మను ఎట్లాగో విడిపించి, పిల్ల చేతులు పాలలో ముంచి అత్త చేతుల్లో పెట్టారు. సరిగ్గా అప్పుడు పాట అయిపోయి, హాల్లో ఉన్న బాక్సులన్నింటిలో చావు డప్పు మొదలయింది.

మా దగ్గర ఆ దరువు తెలియని మనిషి ఉండడు. హాలంతా కొయ్యబారిపోయింది. అత్తగారు చేతులు వెనక్కి లాక్కుంది, పాల పళ్లెం కింద పడింది. మాస్టర్ పరుగెత్తి మిక్సర్ దగ్గరికి పోయాడు. ఆయన కళ్లద్దాలు కోటు జేబులో ఉన్నాయి. చిన్న చిన్న మీటలు. ఆయన నొక్కింది ఆపేది కాదు, సౌండు పెంచేది. ఇంతలో ఆ ఏడుపు వచ్చింది. ఒకసారి, రెండుసార్లు, మళ్లీ మళ్లీ. ఆఖరికి ఆయన వైరు పట్టుకుని పీకేశాడు. పెండ్లిపిల్ల బాబాయి వచ్చి మాస్టర్ కాలర్ పట్టుకున్నాడు. జరీ చినిగిపోయింది. ఇది ఎవని పని అని అడిగితే మాస్టర్ చేతులు జోడించి, నా పనే, నా చెయ్యి జారింది అన్నాడట. నా పేరు ఎత్తలేదు. మేళంలో ఎవరు తప్పు చేసినా పెద్దదిక్కు తన మీద వేసుకోవడం ఆ తరం పద్ధతి.

ఆ పూట నేను మేడ మీద చప్పట్లు కొట్టించుకుంటున్నాను. అదే పాటకు.

మర్నాడు పొద్దున మాస్టర్‌కి ఫోన్ చేశాను. పెండ్లి మంచిగయిందా అన్నాను.

"ఆఁ, అయింది. నువ్వు మంచిగ కొట్టినవా తమ్మీ? జనం ఒచ్చిండ్రా?" అన్నాడు.

వచ్చారని, మెచ్చుకున్నారని గొప్పగా చెప్పుకున్నాను. ఆయన సంతోషపడ్డాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి దులిపేసింది. నువ్వు మనిషివేనా, ఆయన ఇజ్జత్ తీసి ఈడ పడేసి నువ్వు ఆడ ఎగురుతున్నవా అంది. నేను సచ్చి సున్నమైపోయాను. వెంటనే మాస్టర్ దగ్గరికి పోవాల్సింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోను?

ఆ సీజన్లో ఒప్పుకున్న పెండ్లిళ్లవాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి, ఏమనుకోకు మాస్టర్, మావోళ్లు ఇంకో మేళం మాట్లాడిండ్రు అన్నారు. చావు డప్పు మోగిన మేళాన్ని ఎవరు పిలుస్తారు? అక్క కొన్నాళ్లు పత్తి ఏరడానికి పోయింది.

ఇక నా సంగతి. పెండ్లికి వచ్చినవాళ్లలో ఎవరో వీడియో తీశారు. పాల పళ్లెం పడటం, డప్పు, ఏడుపు, మాస్టర్ తడుముకోవడం, అన్నీ ఉన్నాయి. అది ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. జనం నవ్వారు. కొంతమందికి పాట నచ్చింది, ఎవరిదో వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చారు. మా మేనబావలు తప్ప ఎవరూ వినని పాట ఆటోల్లో మోగడం మొదలయింది. పిలుపులు వచ్చాయి. మాస్టర్‌కు ఏ ఫోన్లు ఆగిపోయాయో నాకు ఆ ఫోన్లు మొదలయ్యాయి. నాకు బాధ వేయలేదా అంటే వేసింది. కానీ ఒక్క పిలుపు కూడా కాదనలేదు.

హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకు పిలిచారు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి నవ్వుతూ, ఆ పెండ్లిలో మోగింది మీ పాటేనట కదా, అసలేం జరిగింది అని అడిగింది. అక్కడ నేను ఆగి ఉండొచ్చు. నా తప్పు వల్ల ఒక పెద్దమనిషికి మాట వచ్చింది, దాని గురించి నవ్వడం బాగుండదు అని ఉండొచ్చు. కెమెరా నా వైపు ఉంది, లైట్లు ఉన్నాయి, ఆ అమ్మాయి నవ్వుకు సిద్ధంగా ఉంది. నేను పెన్‌డ్రైవ్‌లో పాట వదిలేసిన దగ్గర్నుంచి కథ మొదలుపెట్టాను. రుచిగా చెప్పాను. మాస్టర్ కళ్లద్దాల కోసం జేబులు తడుముకోవడం, ఒక మీట అనుకుని ఇంకో మీట నొక్కడం, సౌండు పెరిగితే ఉలిక్కిపడటం, అంతా చేసి చూపించాను. ఆయన మాట కూడా అనుకరించాను. నాకు పని నేర్పినవాణ్ని. అందరూ పగలబడి నవ్వారు. నేనే అందరికన్నా ఎక్కువ నవ్వాను.

ఆ ముక్క పాటకంటే ఎక్కువ తిరిగింది. ఆ పెండ్లిలో జరిగింది మాస్టర్ తప్పు కాదు, ఈ నవ్వేవాడి తప్పు అని అందరికీ తెలిసిపోయింది. ఆయన నా కోసం చెప్పిన అబద్ధాన్ని నేనే నవ్వులాటలో విప్పేశాను. ఇవాళ్టికీ ఆ నవ్వు తలుచుకుంటే అన్నం ముద్ద దిగదు. పెన్‌డ్రైవ్ పొరపాటు. నవ్వు పొరపాటు కాదు.

కొద్ది రోజులకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు. ఎవరో అభిమాని అనుకుని గొంతు సవరించుకున్నాను.

"అన్నా, నేను ఆ పెండ్లిపిల్లను. మీరు నవ్విండ్రు గదా, చూసిన. మా ఇంట్ల ఎవ్వలు నవ్వుతలేరన్నా," అంది.

 ఆమె ఏడవలేదు, తిట్టలేదు. నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. పెండ్లయిన కొద్దినాళ్లకే భర్త బండి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి ఇంట్లో ఏది జరిగినా ఆ డప్పే. బర్రె పాలు ఇవ్వకపోయినా ఆ డప్పే. చుట్టాలు వచ్చి అత్త చెవిలో ఏదో ఒకటి వేసి పోతున్నారు. ఈ పిల్ల కాలు పెట్టిన గడియ మంచిది కాదు, కొన్నాళ్లు పుట్టింట్లో దిగబెట్టి శాంతి చేయించాలి అంటున్నారు. దిగబెడితే మళ్లీ తీసుకుపోతారన్న నమ్మకం ఆమెకు లేదు.

"మీరు ఒక్కసారి ఒచ్చి మా అత్తకు చెప్పుండ్రి. అది మిషిన్ తప్పు, అపశకునం గాదని. మీ నోటితోని చెప్తె ఇంటదేమో," అంది.

వస్తానన్నాను. మాస్టర్ లేకుండా ఆ గడప తొక్కే ధైర్యం నాకు లేదు. మానుకోట పోయాను. మాస్టర్ ఇంటి ముందు మంచం మీద కూర్చుని క్లారినెట్ తుడుచుకుంటున్నాడు. వాయించే పని లేకపోయినా తుడవడం మానలేదు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. నేను నేల చూస్తుంటే ఆయనే అందుకున్నాడు.

"నన్ను మంచిగనే చేసి చూపించినవ్ తమ్మీ. మా మనుమరాలు సుత నవ్వింది," అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండేది. కాళ్లు పట్టుకోబోతే, నాటకాలొద్దు, ఏం పని మీద ఒచ్చినవో చెప్పు అన్నాడు. చెప్పాను. లేచి అంగీ తొడుక్కున్నాడు. పెండ్లిపిల్ల పరేషాన్‌లుంటే మేళం పోవద్దా అన్నాడు. నా సంగతి వేరే, ఆ పిల్ల సంగతి వేరే ఆయనకు.

భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్లలో వాళ్ల ఇల్లు. పెండ్లికొడుకు కాలికి పట్టీతో మంచం మీద ఉన్నాడు. పిల్ల చాయ్ పెట్టి తెచ్చి, తలుపు పక్కన నిలబడింది. అత్తగారు కుర్చీలో కూర్చుని నా మాట మొత్తం ఓపిగ్గా విన్నది. పెన్‌డ్రైవ్ అంటే ఏంటో, మిక్సర్ ఎట్లా పనిచేస్తుందో, పాట తర్వాత పాట ఎట్లా వస్తుందో అన్నీ చెప్పాను. తప్పంతా నాదేనని, కోడలి గడియకూ దీనికీ సంబంధం లేదని చెప్పాను. గయ్యాళి మనిషి కాదామె. నేను పూర్తి చేశాక చాయ్ తాగమని చెప్పి, అప్పుడు అడిగింది.

"మిషిన్‌ల నుంచి ఒచ్చిందంటున్నవ్, సరే. మిషిన్‌లకు ఎట్లొచ్చింది? అది ఎవల సావుకు కొట్టిన డప్పు?"

కేసముద్రం గేటు దగ్గర రికార్డు చేశానన్నాను. ఎవరిదో తెలియదన్నాను.

"తెల్వదా? నా పెనిమిటి పోయిన్నాడు గదే దరువు ఇన్న నేను. ఊర్ల డప్పు ఇనవడ్తె పసిపోరడు సుత ఎవలు పోయిండ్రని అడుగుతడు. నువ్వు దాన్ని సంచిల ఏసుకొని దేశమంత తిరిగినవ్, ఎవలని అడగలేదా?"

నేను మాస్టర్ వైపు చూశాను. ఆయన కూడా నా వైపే చూస్తున్నాడు. ఆయనకూ ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. అన్నాళ్లలో ఆయన నన్ను కోపంగా చూసింది అప్పుడొక్కసారే.

అత్తగారు తన భయం దాచుకోలేదు. పేరు లేని చావు ఒకటి తన ఇంట్లోకి వచ్చి కూర్చుందని, అది ఎవరిదో తెలిస్తే వాళ్ల పేరున దీపం పెట్టి సాగనంపుతానని, తెలియకుంటే తన మనసు కుదురుకోదని చెప్పింది. పేరు కనుక్కొని రా, నా కోడల్ని నేను ఏడికీ పంపను అంది. తలుపు పక్కన ఉన్న పిల్ల నా ముఖంలోకి చూసింది. శాంతులు, శకునాలు నేను నమ్మను. నమ్మకపోతేనేం, ఆ ఇంట్లో ఆమె ఉండటం, పోవడం నేను అడగకుండా వదిలేసిన ఒక మాట మీద ఆగి ఉంది.

తిరుగు బస్సులో మాస్టర్ పక్కనే కూర్చున్నాడు కానీ నాతో మాట్లాడలేదు. మానుకోటలో దిగేటప్పుడు మాత్రం, పోయి అడుగు అన్నాడు.

మర్నాడు కేసముద్రం పోయాను. మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు దిగుతున్నాయి. ఘాటుకు దగ్గుతూ హమాలీలను అడిగాను. పోయిన పత్తి సీజన్లో, గేటు దగ్గర రైలు కోసం ఆగిన శవయాత్ర అని చెప్పగానే వాళ్లకు గుర్తొచ్చింది. మావోడే అన్నారు. ఈ యార్డులోనే బస్తాలు మోసేవాడట. పొద్దున పనికి వచ్చి, ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. పట్టాలకు అవతల ఇల్లు, భార్య ఒక్కతే ఉంటుందని చెప్పి దారి చూపించారు.

ఆమె ఇంటి ముందు మిరపకాయల కుప్ప దగ్గర కూర్చుని తొడిమలు తీస్తోంది. పక్కన ఇంకో ఆమె అదే పని చేస్తోంది. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. సగం చెప్పాను. ఆ రోజు డప్పు రికార్డు చేసుకున్నానని, పాటలో పెట్టానని, అది పొరపాటున ఒక పెండ్లిలో మోగిందని, ఆ ఇంటివాళ్లు పోయినాయన పేరు అడుగుతున్నారని. ఏడుపు సంగతి చెప్పలేదు. ఆమె కోపగించుకోలేదు. పెండ్లిలోనా అని నవ్వింది కూడా. ఆయనకు పెండ్లిళ్లంటే పానం, పిలవకున్నా పోయి ముందు బంతిల కూసునేటోడు అంది. భర్త పేరు మాత్రం తన నోటితో చెప్పలేదు. మా దగ్గర ఆ వయసు ఆడవాళ్లు చెప్పరు. పక్కనున్నామె చెప్పింది.

అక్కడి నుంచే భూపాలపల్లికి ఫోన్ చేశాను. అత్తగారు తీసింది. పేరు చెప్పాను, పని చెప్పాను, ఎట్లా పోయాడో చెప్పాను. ఆమె ఆ పేరును మెల్లగా ఒకసారి పలికింది. అయ్యో, గట్లనే కూసుండి పోయిండా అంది. తర్వాత, ఇయ్యాలనే దీపం పెడ్త, ఇగ నా కోడల్ని ఎవలన్న ఏమన్న అంటె నన్నడుగుమను అంది. వెనుక నుంచి పిల్ల గొంతు వినిపించింది, ఏం మాట్లాడిందో తెలియలేదు. నా గుండెల మీది బరువు దిగింది. పని అయిపోయిందనుకున్నాను. ఇంటామెకు లేచి నమస్కారం పెట్టాను.

"గా పాట ఏదో ఇనిపియ్యి బిడ్డా. ఆయన డప్పు నేను సక్కగ ఇననే లేదు," అంది ఆమె.

లేదు, నా ఫోన్లో లేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. పాట పెట్టాను. ఆమె చేతులనిండా మిరప ఘాటు, ఫోన్ పట్టుకోవడానికి లేదు. నేనే ఆమె పక్కన కూర్చుని చెవి దగ్గర పట్టుకున్నాను. డప్పు మొదలయింది. ఆమె తల ఊపింది. మంచిగ కొట్టిండ్రు అంది. తర్వాత ఆ ఏడుపు వచ్చింది. ఆమె తల ఊపడం ఆపింది. పక్కనున్నామె కూడా తొడిమలు తీయడం ఆపి నా వైపు చూసింది. అది మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. ఎన్నిసార్లు తిప్పానో నాకు అప్పటిదాకా తెలియదు. చెయ్యి తీసేద్దామంటే చెయ్యి రాలేదు. పాట అయిపోయేదాకా పట్టుకునే ఉన్నాను.

అయిపోయాక ఆమె చేతిలోని మిరపకాయ తొడిమ తీసి కుప్పలో వేసింది. నా తప్పేదో దిద్దుతున్నట్టు మెత్తగా చెప్పింది.

"నేను గన్నిసార్లు ఏడ్వలే బిడ్డా. ఒక్కపారే ఏడ్సిన. తర్వాత నాకు నోరు రాలే."

ఆ సాయంత్రమే పాట తీసేశాను. నా పేరు మీదున్న తక్కినవి కూడా తీసేశాను. కానీ అప్పటికే ఎవరెవరో ఆ ముక్కను కోసుకుని తమ తమ వీడియోలకు పెట్టుకున్నారు. వాటిని తీసే హక్కు నాకు లేదు, తీసే దారీ లేదు. ఒక్కసారి ఏడ్చిన మనిషి వాటిలో ఇంకా ఏడుస్తూనే ఉంది.